పడ్డోళ్ల పాట

మేళ్లచెరువు

మేనల్లుడు సునీల్‌కు ప్రభువు పేరిట కోమలత్త దీవెనలు.

ఫోన్ చేస్తే "మీటింగుల ఉన్న" అంటవు, అందుకే ఉత్తరం. బిడ్డా, లోకంల ప్రేమ చల్లారిందనుకున్న. తప్పు! ఎవలి ఫోన్ల చూసినా, వీడియోల మనిషి జారి పడంగనే ఒకటే దుఃఖపు రాగం వస్తాంది. ముక్కూమొకం తెలువనోళ్ల కోసం లోకమంతా ఏడుస్తాంది. నాకు ఒళ్లు జలదరించింది. మా చర్చి స్త్రీల సమాజం ఆ రాగం నేర్చుకుంటాంది.

నీ అత్త, కోమల

తా.క. బురదల కూలబడ్డ బర్రెకు సుత అదే రాగం. అక్కడ నాకు కండ్లల్ల నీళ్లు ఆగలే.

హైదరాబాదు

అత్తకు వందనాలు.

జర ఆపు అత్తా. వాళ్లు ఏడుస్తలేరు, నవ్వుతాండ్రు. ఆ రాగం నేను కట్టిందే. మేము చేసిన వీడియో గేముల, అన్నను కాపాడబోయి తమ్ముడు చచ్చిపోయేటప్పుడు వస్తది. ప్రాణం పెట్టి కట్టిన. ఎవడో దాన్ని కోసి, అరటితొక్క మీద జారినోనికి అతికించిండు. ఇప్పుడు ఆఫీసుల నా చాయ్ ఒలికినా అదే పెడుతాండ్రు. నెలాఖరుకు పని మానేస్త. ఇంక రాగం జోలికి పోను.

సునీల్

తా.క. సమాజంల నా పేరు చెప్పకు.

మేళ్లచెరువు

అల్లుడా, దేవుడు నిన్ను చల్లగ చూడాలె.

చెప్పిన. మైకుల చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు. చచ్చిపోయిన తమ్ముని రాగానికి ఎవలన్న నవ్వుతరా? దెబ్బ తాకకుంట లేచిండని సంతోషం కావచ్చు. మొన్న మన లచ్చయ్య సైకిల్ మీదికెల్లి పడితే, చుట్టూ నిలబడి మొత్తం పాడినం.

కోమలత్త

తా.క. పాటల మునిగి లచ్చయ్యను లేపుడు మర్సిపోయినం.

హైదరాబాదు

అత్తా, నీకు దండం.

మీరు లచ్చయ్య చుట్టూ పాడింది ఎవడో వీడియో తీసిండు. మా ఆఫీసుదాక వచ్చింది. రాజీనామా రాసి పెట్టుకున్న.

సునీల్

తా.క. లచ్చయ్య లేచిండా?

హుజూర్‌నగర్ దవాఖాన

బిడ్డా సునీల్‌కు, మంచం మీదికెల్లి దీవెనలు.

చర్చి మెట్ల మీద జారి పడ్డ. కాలు ఇరిగింది. పోరగాళ్లు ఫోన్లు తీసి నీ రాగం పెట్టిండ్రు. నువ్వు చెప్పింది నిజమే, నవ్విండ్రు. నా కండ్లతోని చూసిన. కాని ఆ రాగం చెవుల పడంగనే ఎవలో పడ్డరని మా ఆడోళ్లు పొయ్యి మీద కూరలు ఇడిసి ఉరికొచ్చిండ్రు. పాడుకుంటనే నన్ను లేపిండ్రు. నవ్విన పోరగాళ్లే సిగ్గుపడి నన్ను మంచం మీద ఏసి మోసిండ్రు. నొప్పిల పైకి చూస్తే, మొగులే పాడుతున్నట్టున్నది బిడ్డా. ఇంత రాగం నీ చేతిల పెట్టినోడు నీ రాజీనామా తీసుకుంటడా?

ఒక్కటే లోపం. అది పడేటందుకే పనికొస్తది. కట్టు ఇప్పినంక నేను లేసి నడువాలె. లేసేటప్పుడు ఏం పాడాలె? సమాజం అడుగుతాంది.

నీ అత్త, కోమల

తా.క. రాగం రానిది లేవనని డాక్టరుకు చెప్పిన. ఆయన నీ నంబరు అడిగిండు. ఇచ్చిన.