సగం చెప్పిన రాజు కథ

అమీర్‌పేట,
ఆదివారం, పొద్దున పది గంటలు

తమ్ముడు విజయేందర్‌కు,

జోగారావును దించి నిన్నెందుకు ఎక్కించామో ఒక్క మాటలో చెప్పగలవా?

 నా బెల్టుల బండి పక్కన నిలబడి అరిచి అరిచి పురాణాలు చెప్పిన ఈ గొంతు అలసిపోయింది.

అది ఎక్కడ మొదలైందో గుర్తు చేసుకో. మన ఫుట్‌పాత్ యూనియన్ అధ్యక్షుడు జోగారావు తన ఫ్లెక్సీ కట్టుకోవడానికి లచ్చమ్మ మిర్చి బండిని మెట్రో పిల్లర్ దగ్గర నుంచి తీయించాడు. ఆమె మూకుడు ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద కూర్చుంది. ఎంత పెద్ద రాజ్యమైనా ఇలాంటి ఒక్క అవమానం దగ్గరే బీటలు వారుతుంది. పంజగుట్ట దాకా మన బండ్లన్నీ బేరాలు ఆపేశాయి. మూడు రోజులు ఒకరి అన్నం ఒకరం పంచుకు తిన్నాం. నాలుగో రోజు జోగారావు పారిపోయాడు.

నా పాపం ఆ సాయంత్రానిది. ఎన్నిక పెడదామని నలుగురూ అంటుంటే నేను లేచాను. మునులు దుష్టరాజును చంపితే దేశం దొంగలపాలైందనీ, అందుకే చచ్చినవాడి చేతినే మథించి ఆలస్యం చేయకుండా కొత్త రాజును పుట్టించారనీ చెప్పాను. "ఎన్నిక తర్వాత, ముందు విజయేందర్" అన్నాను. చేతులన్నీ లేచాయి. 'ధర్మం ప్రకారమే ఏలుతాను, నా ఇష్టప్రకారం కాదు' అని ఆ కొత్త రాజుతో మునులు ప్రమాణం చేయించిన ఘట్టం మాత్రం మింగేశాను. నువ్వే కావాలని నాకంత తొందర.

రెండేళ్లయింది. నిన్న లచ్చమ్మ నిన్ను అడిగింది.

"ఎలక్షన్ ఎప్పుడు పెడ్తవ్ బిడ్డా?"

"జర ఆగు అవ్వా, జోగారావు మనుషులు ఇంకా తిరుగుతుండ్రు."

"వాళ్లు తిరుగుతనే ఉంటరు, నువ్వు కూసునే ఉంటవ్. మస్తుంది!"

అందరూ నవ్వారు, నువ్వు తప్ప. ఆమె జాగా రద్దు చేయడానికి ఇవాళ నాలుగింటికి మీటింగ్ పెట్టావు. పైగా నా బండి దగ్గరకొచ్చి, "అన్నా, గప్పటి లెక్క ఓ కథ చెప్పు, చేతులు లేస్తయ్" అన్నావు.

చెప్తాను. మింగేసిన సగం చెప్తాను. నా మోసం కూడా ఒప్పుకుంటాను. అప్పుడు నిన్ను దించుతారు, ఇంకొకడిని ఎక్కిస్తారు, మళ్లీ అవే అరుపులు, అవే దండలు. అది ఇంకోసారి చూసే ఓపిక నాకు లేదు తమ్ముడూ.

ఆ గతి పట్టకుండా చూసుకోవడానికి నీకింకా ఆరు గంటల టైముంది. లే. యూనియన్ ఆఫీసు బోర్డు మీద ఎన్నిక తేదీ నీ చేత్తో రాయి. లచ్చమ్మ జాగా లచ్చమ్మదేనని రాసి సంతకం పెట్టు. రేపనకు, ఇవాళే, నాలుగు కొట్టకముందే!

నీ అన్న,
రాజనర్సయ్య