ఎవరైనా గునుగు నాటుతారా?

చెల్లె సుమిత్రకు,

నీ మోకాలు ఎట్లున్నది? మరిది దగ్గు తగ్గిందా? ఈనిన బర్రె మేత ముడుతున్నదా? నా పానం బాగానే ఉంది, మనసే బాగా లేదు. ఫోన్‌లో చెబితే పక్కనుండి నా బిడ్డ దేవిక నవ్వుతుంది, అందుకే రాస్తున్నాను.

దేవిక నాకు హైదరాబాదు చూపిస్తున్నది. చార్మినారు, గోల్కొండ అయినాయి. నిన్న ఒక పార్కుకు పోయాము. దేవిక నీళ్ల సీసా కొనడానికి పోయింది. అక్కడ గునుగు మోకాలెత్తు పూసి ఉంది. బతుకమ్మకు అక్కరకొస్తుందని ఒడినిండా తెంపాను.

వాచ్‌మెన్ ఉరికొచ్చాడు. "అవ్వా! గవి నీళ్లు పెట్టి పెంచిన పూలు. ఎవలు తెంపమన్నరు?"

"గునుగు ఎవలన్న నాటుతరా కొడుకా? కందిచేన్ల కలుపని పీకి పీకి మా నడుములు పోతున్నయి" అన్నాను.

నవ్వాడు. "మాది పరిగి. నాకు గూడ గదే సమజైతలేదు. సరే, తీస్కపో" అన్నాడు. అని, ఒడిలో పూలతో సహా నా ఫోటో తీసుకున్నాడు!

తీసుకపొమ్మన్నవాడు ఫోటో ఎందుకు తీసినట్టు? వాళ్ల సారుకు పంపుతాడా? దేవికది సర్కారు దవాఖానలో కొత్త నౌకరి, నా మూలంగా దానికేమన్నా అవుతుందా? "వాళ్లమ్మకు చూపిస్తడేమోనే" అంటుంది అది. నాకేమో బువ్వ దిగడం లేదు. ఆ పూలు బకెట్లో పెట్టాను, ముట్టబుద్ధి కావడం లేదు.

నువ్వు పండుగకు వస్తానన్నావు కదా. మన చేనుగట్టు గునుగు రెండు మోపులు తే. ఒకటి బతుకమ్మకు, ఒకటి ఆ వాచ్‌మెన్ చేతిలో పెట్టి ఆ ఫోటో తీసెయ్యమందాము. అప్పటిదాకా నేను గడప దాటను. అక్టోబరు పదిహేడు, శనివారం, తాండూరులో పొద్దుటి బండి ఎక్కు.

మీ అక్క