గేటు వైపు చూసిన గుర్రం

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తమిళ బడిలో చదివిన నీకు తెలుగు చదవడం రాదు, అయినా రాస్తున్నాను.

నిన్న బెంగళూరులో పిల్లల గుర్రపుస్వారీ పోటీలో నీ కూతురు సుగుణ మన గుర్రం కరియను ఎక్కింది. బరిలో గుర్రంతో మాట్లాడితే మార్కులు కోస్తారు. కళ్లెంతోనే నడపాలి. నువ్వేమో దానికి కళ్లెం కన్నా ముందు మన ఇంటి మాట నేర్పావు. "నిలురా నాయనా" అంటే చాలు, ఆగేది. ఆగినప్పుడల్లా బెల్లంముక్క పెట్టేవాడివి.

అంతా బాగానే చేసింది. చివర జడ్జీల ముందు కళ్లెం లాగితే కరియ ఆగలేదు. "నిలురా నాయనా" అనేసింది సుగుణ, అచ్చం నీలాగే. కరియ టక్కున ఆగింది. మార్కులు పోయాయి, కప్పూ పోయింది.

"ఒక్క నిమిషం నోరు మూసుకోలేకపోతివా?" అని కసిరాను.

"కప్పు పోతే పోనీ చిన్నాయనా. నాయన వచ్చినాడనుకోని అది గేటు పక్క తిరిగి చూసె. ఆ మాట ఎందుకన్నానా అని ఉంది" అంది.

మన ఊరు హరూర్ చేరి వ్యానులోంచి దింపాక కూడా కరియ గేటు వైపే చూస్తూ నిలబడింది. మేత ముట్టలేదు.

రేపటి నుంచి దానికి నీ మాట మరిపించాలట. సుగుణ ఆ పని నాకే అప్పజెప్పింది.