బాపు పరుపు

బాపూ,

నీ సంవత్సరీకం దగ్గర పడింది. నిన్న దూదేకే భాయ్ మన పురానాపూల్ గల్లీలోకి వస్తే, నా మొదటి జీతంతో నీ నడుము నొప్పికని కుట్టించిన పరుపు అతని ముందు వేశాను. కుట్లు విప్పి, దూదిని పిడికిట పట్టి చూశాడు.

"ఏకుడెందుకన్నా? దూది గట్టివడనే లేదు. దీని మీద ఎవ్వరు పండలే."

ఆరేళ్ళు నువ్వు పడుకున్న పరుపది. అమ్మ వైపు చూశాను.

"పండుకుంటె నొప్పి ఇంకింత ఎక్కువయ్యేది బిడ్డా. రాత్రంత గోడకు ఒరిగి కూసునేటోడు. నువ్వు లేచే యాళ్లకు పరుపెక్కేటోడు. నీకు చెప్పొద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు."

రోజూ నేను లేచేసరికి ఆ పరుపు మీద ఒళ్ళు విరుచుకుంటూ, "మస్తు నిద్రవట్టింది" అనేవాడివి.

ఆ నడుముతో ఒళ్ళెట్లా విరిచావు బాపూ?