కొబ్బరినీళ్ల చిలుము

బుధవారం

కొంపల్లి సుజాత మేడం కారు రోగం ఇవాళ దొరికింది. నిన్న శామీర్‌పేట రోడ్డు మీద, వెనక సీట్లో పిల్లలు ఉండగా, మీటర్‌లో లైట్లన్నీ ఒక్కసారే వెలిగి స్టీరింగ్ బిగుసుకుపోయిందట. స్కానర్ పెడితే బ్రేకు కంప్యూటరూ, స్టీరింగ్ కంప్యూటరూ పలకలేదు. రెండూ ఒకేసారి చెడిపోవు. వాటిని కలిపే జంట వైర్ల వెంటే వెతుక్కుంటూ పోయి బానెట్ కింద కనెక్టర్ విప్పాను. లోపల పచ్చటి చిలుము, అంచున కుంకుమ మరక.

దసరా రోజు మా షెడ్డులో కొబ్బరికాయ కొట్టి ఆ ఇంజన్ మీద నీళ్లు పోసింది నేనే.

పిన్నులు మార్చాక అన్నీ పలికాయి. మధ్యాహ్నం మేడం కొబ్బరికాయతో వచ్చారు. "దసరాకు నువ్వు పూజ జేసినవు గాబట్టే పిల్లలకు ఏం గాలేదన్నా. ఇంకోటి కొట్టు."

టైరు ముందు రాయి మీద కొట్టి, నీళ్లు గ్లాసులో పట్టి ఆమెకే ఇచ్చాను.

"ఇంజన్ మీద పొయ్యవా?"

"మీరు తాగుండ్రి మేడం, ఎండల వడి వచ్చిన్రు."

అసలు సంగతి నోరు దాటలేదు. దసరా రోజు ఇంకో పదకొండు కార్ల ఇంజన్ల మీదా పోశాను. రేపు ఆ కార్ల వాళ్లందరినీ ఏం చెప్పి పిలవాలి?