యువరాణి రంగు

ఆదివారం రాత్రి, యలహంక

నా నోటికి తాళం వేసేవాళ్ళు ఈ ఇంట్లో లేకపోయారు. నేను ఎన్నోసార్లు చదివిన మంత్రలోకం నవలను టీవీ సీరీస్‌గా తీశారని సాయంత్రం అందరం కూర్చుని చూశాం. యువరాణిగా ఒక నల్లపిల్ల వచ్చింది. వెంటనే పుస్తకం తెచ్చి, యువరాణిది పాలనురుగు ఛాయ అన్న వాక్యం మా అబ్బాయి మోహన్‌కు చదివి వినిపించాను.

"కథ బాగుండాది కదమ్మా, రంగుతో ఏం పని?" అన్నాడు వాడు.

"కాకిపిల్ల కాకికి ముద్దప్పా. సింహాసనం ఎక్కిస్తే ఎట్లా?" అన్నాను. ఇంగ్లీషు టీచరు గొంతు కదా, పక్క ఫ్లాటుకూ వినిపించే ఉంటుంది.

అక్కడే మోహన్ కూతురు కావ్య, వేషాల పోటీకని యువరాణి గౌనుకు చెమ్కీలు కుట్టుకుంటోంది. దానిది అచ్చం నా నల్లరంగే. అది దారం తెంపేసి గౌను మడత పెట్టింది.

అన్నాల దగ్గర మెల్లగా, "అవ్వా, నేను మంత్రగత్తె వేషం వేస్తాలే" అంది.

"ఏమే, యువరాణి వద్దా?"

"మంత్రగత్తె నల్లగా ఉంటుందని పుస్తకంలోనే ఉండాది కదా. అప్పుడు నువ్వు తప్పు పట్టవు."

నిజమే, పుస్తకంలో ఉంది. ఏ పేజీలో ఉందో కూడా నాకు తెలుసు. రేపు పొద్దున దాని జడ వేసేటప్పుడు ఏ మొహంతో అద్దంలో దాన్ని చూడను?