ఊరి జబ్బు కాదు

కిరందుల్,
2 ఆగస్టు 2025

రాజ్‌కుమార్ బావకు,

నీ బావమరిది ఉమామహేష్ నమస్కారాలు. మద్దేడులో మీ ఇంటి పెద్దలకూ చెప్పు. ఇక్కడ అందరం కులాసా అని రాయాలి. కులాసా లేదు, రాయను. ఫోన్లో మాట్లాడితే తిట్లే వస్తాయని నీ ఫోన్లు ఎత్తలేదు, కాగితం పట్టుకున్నాను.

కల్యాణక్క ఆషాఢానికి పుట్టింటికొచ్చిందని గని క్వార్టర్లలో అందరూ అనుకున్నారు. శ్రావణం వచ్చేసింది. అల్లుడింకా రాలేదేమని కుళాయి దగ్గర అడుగుతున్నారు. కాళ్లు ఉబ్బాయని, ఉద్దానం పిల్ల కిడ్నీ జబ్బు తెచ్చిందని నువ్వే బస్సెక్కించావట. అక్కే చెప్పింది. ఆ మాట బయటికి చెప్పలేక అమ్మ బిందె నిండకుండానే ఎత్తుకొస్తోంది.

అమ్మదీ తప్పే. ఉద్దానంలో తన అన్నదమ్ములు ఆ జబ్బుతోనే పోయారు. అక్క కాళ్లు చూడగానే, మన ఊరి జబ్బే, ఇంక సూదులెందుకు గుచ్చడం అంది. ఏం మనుషులు! అక్క పుట్టిందీ పెరిగిందీ కిరందుల్లో. ఉద్దానం వెళ్లింది పెళ్లిళ్లకే. జబ్బేమైనా ఇంటిపేరా, వెంట రావడానికి?

జగదల్‌పూర్ డాక్టరమ్మ ఒక్కతే ఆగి ఆలోచించింది. ఆ జబ్బులో మూత్రం ఇంత నురగ కట్టదు, రక్తంలో యాంటీబాడీలు చూద్దాం అంది. రాయ్‌పూర్ పంపిన రక్తం దారిలో చెడిందన్నారు. మళ్లీ తీశారు. ఇనుప ఖనిజం లోడింగ్ పని దిగి, ఎర్రదుమ్ము కడుక్కోకుండానే ల్యాబువాడికి ఫోన్లు చేశాను. ఆజ్ నహీ, కల్ అని రేపటికి నెడతాడు. విసిగిపోయాను బావా.

నిన్న రిపోర్టు వచ్చింది. పీఎల్ఏ2ఆర్ యాంటీబాడీ పాజిటివ్. రోగాల మీదికి లేవాల్సిన ఒంటి కాపలాయే దారితప్పి కిడ్నీలోని జల్లెడ మీద పడిందట. ఊరి జబ్బు కాదు. కిడ్నీలు ఇంకా పనిచేస్తున్నాయి, మందులతో చాలామందికి తగ్గుతుంది, ఆలస్యం చేస్తేనే చేటు అంది డాక్టరమ్మ.

అక్క మందు ముట్టదు. మామయ్యలకూ ఇలాగే చెప్పారు అని గోడవైపు తిరుగుతుంది. నీ మాటైతే వింటుంది. నువ్వేమో అక్కడ బైకులు బాగుచేసుకుంటున్నావు. పాడైన ఇంజనునైనా విప్పి చూస్తావు కదా, ఏ ఊరి బండని అడిగి పారేయవు కదా!

రా. రాలేకపోతే రానని రాయి.

తిట్టే ఓపిక కూడా అయిపోయిన
ఉమామహేష్

తా.క. కవరు అంటించే ముందు అక్కకు చదివి వినిపించాను. ఏడ్చింది. నువ్వు పంపేశావన్నది అబద్ధమట. కాళ్ల సంగతే నీకు చెప్పలేదట. మామయ్యలు పోయేటప్పుడు అత్తలు పడ్డ పాట్లు చూసింది, అవి నీకొద్దనుకుందట. ఆషాఢంలో అల్లుడు అత్తింటి గడప తొక్కడని తెలిసే ఆ నెల చూసుకుని వచ్చిందట. తన ఫోన్లో నీ నంబరు బ్లాక్ చేసిందీ తనే. పైన తిట్టినవి కొట్టేసి మళ్లీ రాసే ఓపిక లేదు, నీవి కానివి వదిలెయ్. నీకు ఫోను చేయనని నాతో ఒట్టు వేయించుకుంది. ఉత్తరం మీద ఒట్టు లేదు. మీ వైపు వెళ్లే బీజాపూర్ బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.